ఆరోవంతు నెమ్మది

చట్టం ఒప్పుకోలేదు.
డాలర్లు లేవు, పాటల పెట్టెలు వద్దంది.
యుద్ధం గెలిచిన దేశం
టీ ఆకు తూచుకు తాగుతున్న రోజులు.

పెట్టె పెట్టెలా వస్తేనే కదా నేరం!
లివర్‌పూల్ రేవులో ఒక ఓడ కాళ్ళు దించింది,
మూడు వారాలకి ఇంకో ఓడ మొండెం.
కాగితాల మీద "చెక్క", "గాజు సామాను", "ఇతరములు".
బుడగలు పొంగే రంగునీళ్ళ గొట్టాలు మాత్రం
అమెరికన్ల ఎయిర్‌బేస్ నుంచి
బంగాళాదుంపల బస్తాల కింద పడుకుని వచ్చాయి.

ప్రెస్టన్‌లో, ఒకప్పుడు గుర్రాలు కట్టిన షెడ్డులో
క్లారెన్స్ హిండిల్ వాటిని
జరాసంధుణ్ణి అతికినట్టు అతికాడు.
యుద్ధంలో ట్యాంకుల రేడియోలు బాగుచేసినవాడు.
అక్కడా ఇంతే,
ఎవరి కాలో ఎవరికో.

గుండ్రటి నాణెం మింగడానికి పుట్టిన గొంతు
పన్నెండు మూలల మూడు పెన్నీల బిళ్ళకి
పొలమారింది.
ఆకురాయితో రాకి వెడల్పు చేశాడు.
కరెంటుదీ వేరే యాస:
అక్కడ సెకనుకి అరవై సార్లు ఊగుతుంది,
ఇక్కడ యాభై.
పళ్ళెం ఆరోవంతు నెమ్మదిగా తిరిగింది.
ఆడగొంతు రికార్డు పెడితే
జలుబు చేసిన మగాడు పలికాడు.

"ఎవడికి తెలుస్తుందయ్యా,
ఫ్లీట్‌వుడ్‌లో చేపలకా?" అన్నాడు ఒగ్డెన్.
షెడ్డూ, వ్యానూ, అప్పులూ అతనివే.
"ముందు దించి రా. పుల్లీ సంగతి తర్వాత."

దించారు.
థ్రెల్‌ఫాల్ కఫేలో, ఆవిరి పట్టిన కిటికీ పక్కన,
వెనిగర్ వాసన మధ్య
నారింజ దీపం వెలిగింది.
వలలు అల్లే ఆడవాళ్ళు చేతులు తుడుచుకుని
ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు,
పొయ్యి దగ్గరికి జరిగినట్టు.

ప్రతి సోమవారం హిండిల్ వచ్చి
పెట్టె పొట్ట విప్పి, చిల్లర కుప్ప పోసి
కఫేకొకటి, కంపెనీకొకటి పంచేవాడు.
చొక్కా గుండీలు దొరికేవి,
ఒకసారి నార్వే నాణెం.
పదకొండో నంబరు రికార్డు మాత్రం
గాడి అరిగి బూడిదరంగుకి తిరిగింది.

ఆరో నెలలో పుల్లీ తయారైంది.
లేత్ మీద తనే తిప్పిన ఇత్తడి ముక్క,
అగ్గిపెట్టెలో పట్టేంత.
బిగించాడు. మీట నొక్కాడు.
పాట గొంతు సవరించుకుని లేచింది,
ఆడపిల్ల ఆడపిల్లలా పాడింది.
కఫే అంతా భేష్ అంది.

విన్నీ స్కార్త్ ఒక్కతే
కప్పు కింద పెట్టి అడిగింది:
"దాన్ని ఎవరు తరుముతున్నారు?"

చెప్పకూడదనుకుంది. అయినా చెప్పింది.
బుధవారం మధ్యాహ్నం ఊరంతా కొట్లు కట్టేస్తారు కదా,
అప్పుడు తమ్ముణ్ణి తీసుకొస్తుంది, వెనక తలుపు గుండా.
హ్యూబర్ట్.
ఎడమకాలు మోకాలి కింద
ఉత్తర సముద్రంలో ఉండిపోయింది.
చెక్క కాలు నేల దొరకబుచ్చుకోడానికి
ఎంతసేపు పడుతుందో
సరిగ్గా అంతసేపు ఆగేది ఆ పాట.
పదకొండో నంబరు.

హిండిల్ ఏమీ అనలేదు.
చిల్లర పంచాడు. వ్యాను ఎక్కాడు.
మళ్ళీ దిగాడు.

ఆ తర్వాత ఏడేళ్ళ లెక్కల పుస్తకంలో
ప్రతి బుధవారం ఒకటే పద్దు:
ఫ్లీట్‌వుడ్, పెట్రోలు, మరమ్మతు.
"ఆ పెట్టెకి ఏం రోగమయ్యా?" అని ఒగ్డెన్ అడిగేవాడు.
"కీళ్ళవాతం" అనేవాడు హిండిల్.
పాత పుల్లీ అగ్గిపెట్టెలో,
పైన పెన్సిలుతో ఒక్క అక్షరం, "బు".

చివరికి చట్టం తలుపులు తీసింది.
పెట్టెలు పెట్టెల్లాగే వచ్చాయి,
కాళ్ళతో, మొండేలతో, సరైన పుల్లీలతో,
చిన్న రికార్డులతో, రెండొందల పాటలతో.
థ్రెల్‌ఫాల్ కఫేకీ ఒకటి దిగింది.
దాని మోటారు వెనక
హిండిల్ వేలు దూరే సందు లేదు.

ఆ బుధవారం హ్యూబర్ట్
సగం పాట అలా నిలబడి విన్నాడు.
వ్యానుకి చేరబడి హిండిల్
సిగరెట్టు వెలిగించడం మానేశాడు.
విన్నీ చెయ్యి చాపలేదు.

అప్పుడు అతనే,
ఒక దరువు పోనిచ్చి
ఒక దరువుకి అడుగు వేశాడు.