కొస ముడి

చిత్తూరు దాటాక పుత్తూరు రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, తూకం గది.
రాత్రి పదకొండు.
నేనూ, ఒక నల్ల స్క్రీనూ.

బయట ట్రాక్టర్లు.
బంగారుపాళ్యం నుంచి, ఐరాల నుంచి,
ముప్పై రెండు దగ్గర లెక్క మానేశాను.
సర్వర్ పడిపోయిందని తోతాపురికి ఎవరు చెబుతారు,
దాని పాటికది మాగుతూనే ఉంది.
వాసన గదిలోకి వచ్చి కూర్చుంది.

నేను నేర్చింది కిటికీల చదువు.
మౌసుతో తలుపు తట్టి
'అవును' అన్న బొత్తాం నొక్కడం.
పదిహేనేళ్లు అదే అన్నం పెట్టింది.
ఇక్కడ కిటికీ లేదు.
సీ డ్రైవు ఏదమ్మా అంటే
అంతా ఒక వాలుగీత కిందే అంటుంది.
తెలిసిన మాట కొడితే 'దొరకలేదు' అంటుంది,
కసురుకోదు, నవ్వదు,
మళ్లీ కొడితే మళ్లీ అదే.

బూటయ్యేటప్పుడు చుక్కలతో గీతలతో
కొమ్ముల బొమ్మ ఒకటి, చేతిలో శూలం.
వాచ్‌మన్ మునిరత్నం తొంగి చూసి
చెప్పులు విడిచాడు.
"పోతరాజా, మేడమ్?"
"ఫ్రీబీయస్‌డీ అన్నా."
"ఏదైనా ఏటను అడగతాదేమో కనుక్కోండి."

సగంలో ఆగి అడుగుతోంది:
ఏ గుల్లలో కూర్చుంటావు, దారి పూర్తిగా చెప్పు,
లేదా ఎంటర్ కొట్టు.
కొట్టాను. నాకు వచ్చింది అదొక్కటే.
ఫైలు తెరిస్తే తెరిచింది.
ఒక్క అక్షరం మార్చబోతే
చదువుకో, రాయకు, అంది.

దీన్ని నిలబెట్టినవాడు సెల్వమణి, కాట్పాడి మనిషి.
ఏప్రిల్‌లో మానేశాడు. ఫోను ఎత్తడు.
ఫైల్లో మాత్రం ఉన్నాడు,
హ్యాష్ గుర్తు వెనక, ఇంగ్లీషు అక్షరాల అరవంలో:
ఇద తొడాద.
దీన్ని తాకొద్దు.
ఇంకాస్త కింద:
ఏన్ను తెరియల, ఆనా ఓడుదు.
ఎందుకో తెలియదు, నడుస్తోంది మాత్రం.
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
యంత్రం భాష ఏదైతేనేం,
విసుక్కున్న చోటల్లా మా గుడిపాల సంత మాటే.

సాయం కావాలంటే 'మ్యాన్' అని కొట్టాలట,
మనిషిని పిలిచినట్టు.
మనిషి వచ్చాడు, పేజీలు పేజీలు మాట్లాడాడు,
పన్నెండున్నర దాకా.
చివరికి ఒక చిన్న 'యూ' తగిలిస్తే
సరే రాసుకో, అంది.

అప్పుడు కనబడింది.
మధ్యాహ్నం నేనే చేర్చిన వరుస,
కొత్త ప్రింటరు అడ్రసు.
మొదట్లో కొటేషన్ గుర్తు ఉంది.
చివర లేదు.
అంతే. ఆ తర్వాత రాసి ఉన్నదంతా
నా మాటలోదే అనుకుంది పాపం,
ఎక్కడ ఆపానో తెలియక
వింటూ కూర్చుంది.
సాయంత్రం కరెంటు పోయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.
కరెంటు వల్లేనండీ అని
మేనేజర్ దొరస్వామి నాయుడు గారికి
ఎనిమిదింటికే చెప్పేశాను కూడా.

రెండు చుక్కలంత గుర్తు. పెట్టాను.
ఫ్యాను తిరిగింది. వరుసలు పరిగెత్తాయి.
తూకం కాటా మీద ఎర్ర అంకెలు.

ముందు బండి చెంగల్రాయులుది.
"ఏందమ్మా అయింది ఇంతసేపూ?"
"గోతం నింపి మూతి కుట్టకుండా ఎత్తినట్టయిందన్నా."
"ఓస్. దానికి నాలుగు గంటలా?"
స్లిప్పు చింపి దీపం కింద పెట్టుకుని చదివాడు.
బరువు సరిగ్గానే ఉంది.
తేదీ వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై, జనవరి ఒకటి.
లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
"అప్పుడే అమ్మేసినానా కాయలు?
అయితే వడ్డీ యాడమ్మా?"
వెనక ట్రాక్టర్ల వాళ్లు కూడా నవ్వారు.
తేదీ పెన్నుతో దిద్ది ఇచ్చాను.

తెల్లవారుజామున, వరుస సగం అయ్యాక,
సెల్వమణి మాట కింద నేనూ ఒకటి రాశాను.
ఆ స్క్రీనుకు తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే:
తాకినాను. కొస మూసినాను. తప్పు నాదే.

నాయుడు గారు ఆ ఫైలు ఎప్పటికీ తెరవరు.