బోనుల చెట్టు

నాలుగున్నరకే పొద్దుగూకింది.
ట్రక్కులో హీటరు ఒక పక్కే పనిచేస్తుంది,
ఆ పక్క మా అత్త ఒడీల్ కూర్చుంది.
ఒళ్ళో తువ్వాలు చుట్టిన రాపీ పై.
పొద్దున్నుంచీ దుంపలు తురిమి, నీళ్ళు పిండి,
ఎంత పిండిందో అంత కోడిరసం కొలిచి పోసి
చేసిన గిన్నె, పసిబిడ్డలా రెండు చేతుల మధ్య.
వెనక రెమీ, జోయెల్. ఉన్నది ఇద్దరే,
గొడవ నలుగురికి సరిపడా.

నోవా స్కోషియాలో ఈ కొసన
రోడ్డు సముద్రాన్ని వదిలిపెట్టదు.
ఒక ఇంటి ముందు దీపాల జింక
గాలికి వెల్లకిలా పడి
కాళ్ళు ఆకాశానికెత్తి వెలుగుతోంది.

ప్రతి ఏడూ శాంటా పడవలో వస్తాడు.
ఈసారి సముద్రం ఒప్పుకోలేదు.
ఫైరింజను మీద సైరన్ కొట్టుకుంటూ వచ్చాడు,
ఊళ్ళో కుక్కలన్నీ వంత పాడాయి.
రెమీ నా చెవిలో,
"అమ్మా, అవి ఎల్జియార్ బాబాయి బూట్లు."
"ఎవరికీ చెప్పకు."
"చెప్పను. కానీ ఎడమదానికి అతుకు వేసింది నేనే."

హాల్లో చేపల చౌడర్, తడి ఉన్ని వాసన.
మూడు ఊళ్ళకి ఒక్కరే ఫాదర్, ఇవాళ మా వంతు కాదు.
పోస్టాఫీసు క్లారిస్ ప్రార్థన చదివింది,
కరెంటు బిల్లు చదివినట్టు, ఒక్క గుక్కలో.
నా మొగుడు జెరోమ్ గిన్నెలు కడుగుతున్నాడు.
మూడు రోజులుగా పడవలు కట్టేసి ఉన్నాయి,
ఎవరి చేతులకీ ఏం చెయ్యాలో తోచడం లేదు.

రేవు ఒడ్డున చెట్టు.
వేరు లేదు, ఆకు లేదు.
లాబ్‌స్టర్ బోనులు ఒకదాని మీదొకటి
పైకి పోయేకొద్దీ సన్నబడుతూ.
దీన్ని చెట్టంటే ఇక్కడ ఎవరూ నవ్వరు.
బోనుకో బెండు, ఇంటికో రంగు.
నీళ్ళలోంచి తిరిగిరాని వాళ్ళ బెండ్ల మీద
తెల్ల రంగుతో పేరు.

మా మామగారిది ఆకుపచ్చ, మధ్యలో పసుపు పట్టీ.
నాలుగో వరస, గాలి కొట్టే వైపు.
తొమ్మిది క్రిస్మస్‌లు అక్కడే ఉంది.
ఈ ఏడు లేదు.

ఫోను లైటు వేసి వెతికాను.
చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను.
"తాత పడిపోయాడు" అని జోయెల్ ఏడుపు అందుకున్నాడు.
మా అత్త చౌడర్ ఊదుకుంటూ,
"పడలేదు. నేనే తీశాను.
సీజను మొదట్లో మీ నాన్నకి బెండ్లు చాల్లేదు,
ఇది ఇక్కడ ఊరికే వేలాడుతోంది."

కాసేపాగి, మాకేసి కాదు, నీళ్ళకేసి,
"ఆయనా అంతే. సెలవొస్తే చాలు,
కాలు కాలిన పిల్లి."

ఐదు, నాలుగు, మూడు...
రెండు అనేలోపే ఎవడో స్విచ్ నొక్కేశాడు.
అందరూ ఓ అన్నారు, ఆలస్యంగా.
నాలుగో వరసలో బెండు లేని చోట
బోను తీగెల సందులోంచి
రేవు కనిపించింది, రేవు దాటి నలుపు.
ఆ నలుపులో ఎక్కడో
ఆకుపచ్చ మీద పసుపు పట్టీ
లేస్తూ, మునుగుతూ,
తన బరువు తాను కాస్తూ.

తిరుగుదారిలో పిల్లలు నిద్రపోయారనుకున్నాను.
"నానమ్మా, తాత బోనులో ఎన్ని పడ్డాయి?"
"మొన్న శుక్రవారం ఎనిమిది," తడుముకోకుండా అంది.
"రెండు చిన్నవి. నీళ్ళలో వదిలేశారు.
అంతకుముందు ఆరు."

జెరోమ్ ఆ లెక్క నాకెప్పుడూ చెప్పలేదు.

దీపాల జింక దగ్గర "ఆపు" అంది.
ఖాళీ గిన్నె సీటు మీద పెట్టి దిగి,
ఎవరిదో తెలియని ఆ ఇంటి ముందు
జింకని లేపి, కాలి దగ్గర రాయి ఎగదోసి,
చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది.

మేం మలుపు తిరక్కుండానే
అది మళ్ళీ పడింది.
అద్దంలో చూశాను. చెప్పలేదు.