చీమ కుట్టినట్టయినా

రాత్రి పదకొండు దాటాక
కుడి మడమ దగ్గర మొదలవుతాయి.
లేచి దీపం వేసి దుప్పటి దులుపుతాను.
ఒక్క చీమ ఉండదు.
బాలరాట్ జూలై చలికి చీమలెక్కడ బతుకుతాయి,
కిటికీ అద్దం మీద ఆవిరే గడ్డ కడుతుంటే.

ఇంకో రాత్రి చీమలు కావు, నీళ్ళు.
పిక్క మీద ఎవరో చెంచాతో
గోరువెచ్చగా పోసినట్టు.
తడిమితే పొడి.
మరో రాత్రి, విప్పేసిన మేజోడు
ఇంకా కాలికే ఉన్నట్టు.
రెండుసార్లు వంగి లాగాను, నా చర్మాన్నే.

పదహారేళ్ళ షుగరు నాది.
అరికాలి మంట నెత్తికెక్కడమంటే
కోపమే అనుకునేదాన్ని.
ఈ మంట మోకాలి దాకా కూడా రాదు.
అరికాల్లోనే చతికిలబడి
తెల్లారేదాకా కుంపటి విసురుకుంటుంది.

డయాబెటిస్ నర్సు కెరిన్
వేళ్ళు మడుస్తూ చెప్పింది:
నరాలు కావచ్చు, ఇన్నేళ్ళ చక్కెరకి.
మాత్రలు కావచ్చు, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే
బి పన్నెండు తగ్గుతుంది, మీరు మాంసం కూడా తినరు కదా.
థైరాయిడ్ కావచ్చు.
నడుం దగ్గర నొక్కుకున్న నరం కావచ్చు,
రోజంతా మిషను మీదికి వంగే ఉంటారుగా.
ఆ బూట్లు కావచ్చు.
కాగితంలో నా వయసు చూసి, కాస్త ఆగి,
అదీ కావచ్చు, అంది.
రక్తం తీసి చూద్దాం, అప్పటిదాకా తొందరపడొద్దు.
ఇన్ని కావచ్చుల్లో నాదేదో
గుండీల డబ్బాలో జత గుండీని వెతికినట్టు
వెతుక్కుంటూ కూర్చున్నాను.

కళ్ళు మూసుకోమంది.
నైలాన్ దారం లాంటిదాన్ని పాదానికి ఆనిస్తూ
తగిలినప్పుడల్లా చెప్పమంది.
ఇరవై ఏళ్ళుగా దారం మీద బతికేదాన్ని,
దారాన్ని పోల్చుకోలేనా?
తగిలింది. ఆఁ, తగిలింది. ఇక్కడ కూడా.
తరవాత చాలాసేపు ఏమీ లేదు.
"ఎడమకాలు ఎప్పుడు మొదలెడతావు?" అన్నాను.
కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు.

శనివారం దుకాణంలో
ఒక పెళ్ళికూతురి గౌను అంచు మడుస్తున్నాను,
నేల మీద కూర్చుని, నోట్లో నాలుగు గుండుసూదులతో.
పెదాలు జివ్వుమన్నాయి. చేతులు వణికాయి.
వీపంతా చెమట.
హీటరు ఎక్కువైందేమో అనుకున్నా.
నోలీన్ నా మొహం చూసి
ఒక్క మాటా అడక్కుండా సూదులు లాగేసి
ఆరు జెల్లీ బీన్లు నోట్లో కుక్కింది.
ఇందులో కావచ్చుల్లేవు.
పొద్దున ఇన్సులిన్ పొడుచుకుని
టోస్టు సంగతి మరిచిపోయాను, అంతే.
మీటరు మూడు పాయింట్ ఒకటి అంది.
పావుగంటకి గది మళ్ళీ తన కుట్లలోకి వచ్చింది.
పెళ్ళికూతురు మాత్రం ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది పాపం,
సూది గుచ్చుకుంటుందని.

సాయంత్రం లెక్క చూస్తే ఒక సూది తక్కువ.
గౌను మడత మడతా విప్పాం.
కార్పెట్టంతా అయస్కాంతం తిప్పాం.
సోమవారం దొరుకుతుందిలే, అంది నోలీన్.

ఇంటికొచ్చి బూటు విప్పితే
ఎడమకాలి మేజోటి మీద, బొటనవేలి కింద,
తెల్లగా, ముత్యమంత తల.
లాగాను. వస్తూనే ఉంది, అంగుళం దాకా.
ఆ మడమతో ట్రామ్ కాలం నాటి పాత వీధిలో
నాలుగు మలుపులు నడిచొచ్చాను.
చీమ కుట్టినట్టయినా లేదు.

ఈ మాట మొండివాళ్ళ మీద
ఎన్నిసార్లు విసిరానో.

కడిగి, కట్టుకట్టి,
పొద్దున్నే చూపిస్తానని కెరిన్‌కి సందేశం పెట్టి,
మంచం పక్కన చేతి అద్దం పెట్టుకున్నాను
అరికాళ్ళు చూసుకోవడానికి.
పదకొండు దాటింది.
కుడికాలికి చీమలు వచ్చాయి.
ఈసారి దుప్పటి దులపలేదు. పాకనిచ్చాను.
నా చెవంతా
ఏమీ అనని
ఎడమకాలి మీదే ఉంది.