కరకరలు లేని ఆరు వారాలు

అబర్డీన్‌లో, జనవరి మంచు మీద జారి
విరించి దవడ విరిగింది.
నాలుగు తలలవాడి పేరు పెట్టుకున్నవాడికి
ఉన్న ఒక్క నోరూ తీగలతో బిగించేశారు.
ఆరు వారాలు, అంది డాక్టరు.
స్ట్రాలో ఎక్కేదే తిండి.

అప్పడం విరిగిన చప్పుడు వినిపిస్తే గానీ
అన్నంలో చెయ్యి పెట్టని మనిషి.

పక్కింటి మోయ్‌రా గెడ్డిస్
పాత పేపర్లో చుట్టి మూడు లీక్ కాడలు తెచ్చిచ్చింది.
ఉల్లికాడకి మేనమామ పోలిక, కండ మాత్రం అరటిదూటది.
"నిలువునా చీల్చి కడుగు,
దీని కడుపులో మట్టి ఉంటుంది" అంది.
ఉంది. పొరపొరకీ ఉంది.
పైకేమో ఉతికి ఆరేసినంత తెలుపు.
మూడు నీళ్ళు పోసినా గిన్నె అడుగున గరగర.
బియ్యం కడిగిన చేతులే కదా,
నాలుగో నీళ్ళు కూడా పోశాయి.

వెన్నలో వేశాను. సన్నని సెగ.
రంగు మారకూడదట!
ఎర్రగా వేగకముందే ఆపడం
నా గరిటెకి కొత్త నిగ్రహం.
బంగాళాదుంపలు రెండు, గుప్పెడు బఠాణీ,
మునిగేదాకా నీళ్ళు, మూత.
కిటికీకి ఆవిరి పట్టి
ఎదురింటి గ్రానైటు గోడ కాసేపు మెత్తబడింది.
చెయ్యి ఊరుకోక పోపులపెట్టె దాకా వెళ్ళి
ఉత్తినే తిరిగొచ్చింది.
ఒక్క ఆవగింజ చాలు, స్ట్రా మూసుకుపోవడానికి.

ఉడికింది ఉడికినట్టే మిక్సీలో పోసి
మూత బిగించి మీట నొక్కాను.
వేడికి రోషం ఉంటుందని
ఎవరు చెప్పారు నాకు?
మూత ఎగిరి సీలింగుని కొట్టింది.
నా జుట్టు మీద, గోడ గడియారం మీద, టీ డబ్బాల మీద
లేతాకుపచ్చ వాన.
గుమ్మంలో విరించి
రెండు చేతులా దవడ పట్టుకుని, కళ్ళతోనే నవ్వి,
పిల్లదాని పాత పలక మీద రాసి చూపించాడు:
"పోపు అదిరింది."

మర్నాటి నుంచీ చల్లారనిచ్చి,
కొంచెం కొంచెంగా, మూత మీద గుడ్డ అదిమి.
తర్వాత జల్లెడ. బఠాణీ పొట్టు, లీకు పీచు
గరిటె వెనకతో నూరి నూరి వడకట్టాలి.
చివర్న మీగడ.
ఇక్కడి డబుల్ క్రీము డబ్బా వంచితే రాదు,
చెంచాతో బతిమాలాలి.
దిగి, మెలిక తిరిగి,
పచ్చదనంలో కరిగేముందు ఒక్క క్షణం నిలబడుతుంది,
బళ్ళో దిద్దాక మళ్ళీ ఎప్పుడూ రాయని ఌ లాగా.

పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి
నేను మొదలుపెట్టిన వాక్యాలన్నీ
నేనే పూర్తిచేస్తున్నాను.

మూడో వారం పోట్లాడుకున్నాం.
పోట్లాడాను, అనాలి.
ఆ బూట్లు వద్దన్నానా, ఆ రాత్రి నడిచి రావద్దన్నానా,
ఎవరి మాట విన్నావు నువ్వు ఎప్పుడైనా?
వెనక బలపం కీచు కీచుమంటోంది.
నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.
పలక చూడకపోతే చాలు, గెలిచినట్టే.
ఇంత తేలికా!
కలియబెట్టడానికి ఏమీ లేని గిన్నెని
చాలాసేపు కలియబెట్టాను.

తిరిగి చూసేసరికి పలకంతా చొక్కా చేత్తో తుడిచేశాడు.
తెల్లటి పొగమంచు కింద
నాలుగైదు వరసల నీడ.
మధ్యలో కొత్తగా, స్పష్టంగా,
"ఉప్పు తక్కువ."

వేశాను. రెండు చిటికెలు.
ఆ తుడిచిన వరసల్లో ఏముందో అడగలేదు.
ఇప్పటికీ అడగలేదు.

తీగలు తీసిన రోజు నాలుగు అప్పడాలు వేయించాను.
నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు.
చిన్న ముక్క విరిచి సూపులో వేసి,
అది మెత్తబడి ఒరిగేదాకా చూస్తూ కూర్చుని,
చెంచాతో తీసుకున్నాడు.
కరకర లేదు.
మిగతా మూడూ మోయ్‌రా తినేసింది.
వీధంతా వినపడేట్టు.

సీలింగు మీద మరక అలాగే ఉంది.
రెండుసార్లు తుడిచాం, వెడల్పయింది.
గురువారం ఇల్లు చూడ్డానికి ఫర్కర్ వస్తాడు, ఓనరు.
ఆయనకి ఏం చెప్పాలో
ఇద్దరం ఒకేసారి మాట్లాడుతున్నాం.