నూట పద్నాలుగో లాటు

నాకిచ్చిన పని లెక్క రాయడం.
లిక్విడేటరు ఆఫీసువాళ్ళు చేతిలో పెట్టింది
ఒక చీటీల కట్ట, ఒక నల్ల పెన్ను,
మధ్యాహ్నం రొట్టెకి ఆరు పౌండ్లు.
థార్న్‌బెక్ రోవర్స్ తలుపు తోస్తే
చెమ్మ వాసన, నొప్పుల మందు వాసన.

కనబడిన ప్రతిదానికీ చీటీ అంటించాలి.
కార్నర్ జెండాలు నాలుగు: లాటు ఏడు.
స్ట్రెచరు, చక్రం ఒకటి లేదు: లాటు ఎనిమిది.
బాకా, మోగదు.
అలా అంటించుకుంటూ ఉతికే గదిదాకా వచ్చాను.

"దానికిప్పుడే అంటించకు, తిరుగుతోంది"
అంది వినిఫ్రెడ్ ఆకిల్‌షా.
జట్టు లేదు, ఇక మ్యాచ్ లేదు,
పదకొండు వారాలుగా జీతం లేదు.
మిషన్ మాత్రం గుడగుడమంటోంది.

అడక్కుండానే చెప్పింది, మేజోళ్ళు జత కలుపుతూ.
మొదట్లో మా గోల్‌కీపరు పగలు బొగ్గు బండి తోలేవాడు.
వాడి గ్లవుజుల నలుపు మూడు నీళ్ళకీ వదిలేది కాదు.
బురద నయం. బురద మాట వింటుంది.

ఓ ఏప్రిల్ వానలో
డెస్మండ్ క్రాబ్‌ట్రీ తలతో కొట్టిన బంతి
దూలానికి తగిలి, అవతలి కీపరు వీపుకి తగిలి
సిగ్గుపడుతున్నట్టు లోపలికి దొర్లింది.
పై డివిజన్‌కి వెళ్ళాం. మరుసటేడు ఇంకా పైకి.
లండన్ టికెట్ కిటికీ దగ్గర
మా ఊరి పేరు మళ్ళీ చెప్పమని
ఎవరూ అడగలేదు, మొదటిసారి.

అప్పుడొచ్చాడు గెరాల్డ్ ఫాలోఫీల్డ్,
కిటికీ అద్దాలమ్మి కోట్లు చేసినవాడు.
కొత్త స్టాండు లేపాడు, పేరు తనదే పెట్టుకున్నాడు.
సీట్లు ఇరవై రెండు వేలు.
ఊళ్ళో జనం, చంటిపిల్లలతో కలిపి, పంతొమ్మిది.
ఇంకా అమ్మని టికెట్లు తాకట్టు పెట్టాడు.
రాబోయే నాలుగేళ్ళ శనివారాలన్నీ
ముందే కోసి వడ్డీకి పోశాడు.
డెన్మార్క్ నుంచి ఒకణ్ణి తెచ్చాడు,
వారానికి పద్దెనిమిది వేలు.
మోకాలికి కట్టుతో తొమ్మిది ఆటలాడాడు.

"వాడి చొక్కా ఎలా వెళ్ళిందో అలాగే తెల్లగా వచ్చేది.
నాకప్పుడే అనుమానం."

ఆ తర్వాత ఆవిడ కాసేపు మాట్లాడలేదు.
ఆ తర్వాతిదంతా నా కాగితాల్లో ఉంది.
మూడేళ్ళలో మూడు డివిజన్లు కిందికి.
కరెంటు బిల్లు, ఎర్ర సిరాలో.
ఫాలోఫీల్డ్ ఒక రాత్రి క్లబ్బుని ఒక్క పౌండుకి అమ్మాడు.
ఏనుగు చచ్చినా వెయ్యే అన్న మాట
ఇక్కడ చెల్లలేదు.
కొన్నవాడు రెండు నెలలకి ఫోను ఎత్తడం మానేశాడు.

అప్పులవాళ్ళ జాబితా నా సంచిలోనే ఉంది.
ఆటగాళ్ళకి పూర్తిగా, ముందుగా. అది లీగు నియమం.
మిగతావాళ్ళకి పౌండుకి రెండు పెన్నీలు:
మాంసం పైలమ్మే హాక్స్‌బీ,
గడ్డి విత్తనాల కొట్టు,
గాయాలకి కట్టుకట్టే వాలంటీర్లు.
నాలుగో పేజీలో ఆవిడ, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో.
జీతం సంగతి వేరే పేజీ.
ఇది సబ్బుపొడికి తన పర్సులోంచి తీసింది,
మూడు వందల పది పౌండ్లు.
వచ్చేది ఆరు పౌండ్ల ఇరవై పెన్నీలు.
నా రొట్టె కన్నా ఇరవై పెన్నీలు ఎక్కువ.
ఆ పేజీ ఆవిడకి చూపించలేదు నేను.

"మొన్న శనివారం ఎవరాడారో తెలుసా?" అంది.
పెద్దవాళ్ళంతా వెళ్ళిపోతే
పదిహేడేళ్ళ పిల్లల్ని దింపారట.
ఏడు సున్నాతో ఓడారట.
బుట్టలోంచి ఒక చొక్కా తీసి
కిటికీ వెలుగులో పట్టుకుంది.
తొమ్మిదో నంబరు. అంకె కనబడటం లేదు.
మెడ నుంచి అంచుదాకా, వెనకా ముందూ, బురద.
"చూడు" అంది,
పెళ్ళిచీర మడత విప్పి చూపిస్తున్నట్టు.

రెండో వాయి వేసింది.
ఎంతసేపు పడుతుందని అడిగాను.
నలభై అయిదు నిమిషాలు అంది.

నూట పద్నాలుగో చీటీకి అప్పటికే తడి చేశాను.
గోడవార బల్ల మీద కూర్చున్నాను.
అది నా బొటనవేలికే అంటుకుని ఆరిపోయింది.