అర మార్కు

షెపర్టన్‌లో మే నెల.
చలికి కిటికీ అద్దాలు లోపలివైపు చెమర్చాయి.
ఎనిమిదో తరగతి, ఇరవై ఆరుగురు,
నలభై నిమిషాలు, నలభై మార్కులు.
నిమిషానికో మార్కని ఎవరు లెక్కగట్టారో గాని
మొదటి ఐదు నిమిషాలూ
పేరు రాసుకోవడానికీ, ముక్కు చీదుకోవడానికీ సరిపోయాయి.

బెస్నిక్ కాగితం తిరగేసి చూశాడు,
తేలిక ప్రశ్నలేమైనా వెనకాల దాక్కున్నాయేమోనని.
సియోసి పెదాలు కదుపుతున్నాడు,
ఎనిమిదో ఎక్కం దగ్గర ఎప్పుడూ జారిపడతాడు.
నేను వరసల మధ్య నడుస్తున్నాను,
చప్పుడు చేయని బూట్లు వేసుకుని.

సూర్యాపేటలో మా లెక్కల సారు జేబులో
తాళంచెవుల గుత్తి ఉండేది.
స్లిప్ టెస్టు రోజు ఆ గలగల
నా బెంచీ వెనక ఆగిందంటే
కూడిక కాస్తా తీసివేత అయిపోయేది.
జవాబు సరిపోయినా వదిలేవాడు కాదు.
"ఎట్ల వచ్చింది? స్టెప్పులేవి?"
ఆకాశం నుంచి ఊడిపడ్డదా అని అడిగేవాడు.
ఒకోసారి నిజంగానే ఊడిపడేది.
అది చెప్పుకునే ధైర్యం లేక
జవాబు వచ్చాక వెనక్కి నడిచి
మెట్లు కట్టేదాన్ని.

ఏడో ప్రశ్న, రెండు మార్కులు:
మెల్‌బోర్న్ రైలు పొద్దున ఏడుంబావుకి బయల్దేరింది,
దూరం నూట ఎనభై కిలోమీటర్లు,
వేగం గంటకు డెబ్భై రెండు,
ఎన్నింటికి చేరుతుంది?

మర్జియే రాసింది:
"శనివారం అయితే ఆ రైలు ఉండదు.
పట్టాలు బాగుచేస్తున్నారు, బస్సు వేస్తారు.
సేమోర్‌లో డ్రైవరు టీ తాగుతాడు.
పదింబావుకీ పదిన్నరకీ మధ్య."
కింద ఒక గీత,
గీత కింద ఇంకో మాట:
"వాన పడితే చెప్పలేను."

ఏప్రిల్లో వీళ్ళని మైదానంలోకి తీసుకెళ్ళాను
నీలగిరి చెట్టు ఎత్తు నీడతో కొలుద్దామని.
టేపు ఎవరు పట్టుకోవాలో తేలక
మగపిల్లలు కొట్లాటకి దిగారు.
నేను సర్దిచెబుతున్నాను.
మర్జియే ఒక్కతే గడ్డిలో గొంతుక్కూర్చుని
నీడ కొసన సీసా మూత పెట్టింది.
కాసేపయ్యాక నా చెయ్యి లాగింది.
"మీరు మాట్లాడుతుండగానే నీడ జరిగిపోయింది మేడమ్.
చెట్టు జరగలేదు కదా!"

మూతకీ నీడకీ మధ్య
జానెడు పచ్చిక, ఎండలో.

తనే ఉపాయమూ చెప్పింది.
కర్ర నీడ దగ్గర ఒకరు, చెట్టు నీడ దగ్గర ఒకరు,
తను "ఊ" అనగానే ఇద్దరూ ఒక్కసారే కొలవాలి.
ఆ "ఊ" పక్క గదుల దాకా వినిపించింది.
గావిన్ తలుపు తీసి చూశాడు కూడా.
పదిహేడేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను నేను.
ఒక్కసారే కొలవాలని
బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు.

రాత్రి వంటింటి బల్ల మీద దిద్దుతూ
ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఆగాను.
జవాబుల పట్టికలో తొమ్మిదీ ముప్పావు అని ఉంది.
టీ తాగే డ్రైవరుకి అందులో గడి లేదు.
గావిన్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు,
"తెలివైన పిల్లే. కానీ సున్నా కదా?" అన్నాడు.
సున్నా చుట్టబోయి
సగంలో చెయ్యి ఆగింది.
అర మార్కు వేశాను.
మొత్తం పదిహేడున్నర.

మర్నాడు గంట కొట్టాక
అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చింది.
ఇంకో మార్కు కోసమనుకుని
మనసులో సమాధానం సిద్ధం చేసుకున్నాను.
కాగితం చాచి, అర మీద వేలు పెట్టి
అడిగింది:
"ఇది దేనికి మేడమ్?
బస్సుకా, టీకా?"

నాకు స్టెప్పులు దొరకలేదు.
కోటు జేబులో చెయ్యి పెట్టుకుంటే
స్టాఫ్ రూమ్ తాళంచెవులు గలగలమన్నాయి.
వచ్చే నెల ఇంకో టెస్టు ఉందిలే అన్నాను,
ఎవరో అన్నట్టు.

తను సంచీ భుజాన వేసుకుంది.
"పర్లేదు మేడమ్," అంది,
"అప్పటికి పట్టాలు బాగవుతాయి."