కేసింగు

డాక్టరమ్మ బల్లమీద రెండు నమూనాలు పెట్టింది.
బాల్‌పెన్ను స్ప్రింగంత కూడా లేవు.
ఒకటి ఉత్త లోహపు వల. రెండోదానికి మందు పూసుందంట.
"షుగరున్నవాళ్ళకి ఉత్తది తొందరగా పూడిపోతుంది మాలకొండయ్యా,
మందుది నయం. అయినా..."
అని ఆగింది.

ఆ 'అయినా' నాకు తెలుసు.
కనిగిరి, పామూరు, సీఎస్ పురం,
ముప్పయ్యేళ్ళు బోర్లేసినోణ్ణి.
రాతినేలకి నాలుగు పైపులు చాలు.
వదులుమట్టిలో ఎంత కేసింగు దించినా
పక్కల్నించి జారతానే ఉంటది.
పదిహేనేళ్ళ షుగరు
నన్ను వదులునేల చేసింది.

"గ్యారంటీ ఎన్నేళ్ళమ్మా?"
"గ్యారంటీ లేదు. మాత్రలు ఒక్కపూట కూడా మానకు."

నేనైతే కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి
రెండించుల నీళ్ళు ఖాయం అనేవోణ్ణి,
ఎవరి చేలో అయినా.
వెలిగండ్ల సుబ్బరత్తమ్మ చేలో
ఆరొందల అడుగులకీ దుమ్మే లేచింది.
అడుగుకింతని లెక్కగట్టి
డబ్బులు తీసుకునే వచ్చా.

ఒంగోలు ఆసుపత్రి, చలిగది.
మణికట్టులోంచి సన్నతీగ లోపలికి పోతావుంటే
అలవాటుకొద్దీ అడుగులు లెక్కేస్తా పడుకున్నా.

ఖాయం అనని మనిషి చేతికింద
నీళ్ళు పడ్డం చూశా
తెరమీద,
నల్లగా.